పన్నెండో షీటు

సార్ మెట్లు దిగుతూ అన్న మాట ఆయన వెంట పోకుండా గదిలోనే ఉండిపోయింది. "ఆ పన్నెండో షీటు తీసేసి వరస సర్దెయ్యమ్మా. మధ్యలో ఖాళీ కనబడకూడదు. కమిటీ వాళ్ళను వెంటబెట్టుకొని గంటలో వచ్చేస్తా, రాగానే ప్లాన్ల సెట్టు టేబుల్ మీద ఉండాలి." సంచీలోంచి పుచ్చు వంకాయ ఏరి పారెయ్యమన్నంత తేలిగ్గా అన్నాడు. ఆమె తలూపింది కూడా, ఆ తలూపుడు మీదే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది, ఈ తలకాయకు తనను అడక్కుండా ఊగే అలవాటు ఎప్పుడు పట్టిందో, బళ్ళోనా, అత్తగారింట్లోనా, ఈ ఆఫీసులోనా. కంప్యూటర్ తెర మీద ఎడమవైపు షీట్ల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, కట్టబోయే కొత్త కూరగాయల మార్కెట్ మొత్తం, పునాది నుంచి పైకప్పు దాకా, అన్నీ ఆమె చేతుల మీదుగా గీసినవే. పదకొండు, మగవాళ్ళ మరుగుదొడ్లు. పన్నెండు, ఆడవాళ్ళ మరుగుదొడ్లు. పదమూడు, చెత్తకుండీల గది. పదకొండుకు ఏ ఢోకా లేదు, పదమూడుకూ లేదు. పన్నెండు మాత్రం పోవాలి, ఎందుకంటే ఆ మూల రోడ్డు వైపుకుంది, అక్కడ రెండు కొట్లు పడితే భేషుగ్గా ఉంటుందని పొద్దున మార్కెట్ కమిటీ అధ్యక్షుడు ఫోన్లో సెలవిచ్చాడు, సార్ "అలాగేనండి, అలాగేనండి" అంటూ ఆ ఫోనుకే వంగి వంగి తలాడించి, ఫోను పెట్టేసి, ఆ మూలన రెండు కొట్లు గీయమన్నాడు. ఆమె గీసింది.

దానికి తోడు ఒంట్లో ఇదొకటి. పొద్దున ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి ఉగ్గబట్టుకొని ఉంది. ఈ ఆఫీసుకున్నది ఒకే బాత్రూమ్, అది సార్ గదిలో ఓ మూలనుంది, సార్ ఉంటే గదినిండా మనుషులుంటారు, సార్ లేకపోతే గదికి తాళం ఉంటుంది, ఈ రెంటి మధ్యా దొరికిన సందులో ఆమె ఇన్నేళ్ళుగా నెట్టుకొస్తోంది. ఇంకో తాళంచెవి చేయించమని ఒకసారి అడిగింది. "చేయిద్దామమ్మా, దానికేం భాగ్యం" అన్నాడు. ఆ భాగ్యం ఇంకా పట్టలేదు. మామూలు రోజుల్లో ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళ షాపు ఆవిడ పుణ్యమా అని గడిచిపోతుంది, ఆవిడ తన వెనకగది చూపించి "వెళ్ళిరా, అడగడమెందుకు" అంటుంది, కాని అడక్కుండా ఎలా వెళ్తారు, ప్రతిసారీ ముఖానికి ఒక నవ్వు అతికించుకొని, అవీ ఇవీ రెండు మాటలు కలిపి, మొహమాటానికి ఒక్కోసారి అక్కర్లేని కళ్ళజోడు డబ్బా కొని. ఇంట్లో అలాంటి డబ్బాలతో ఒక అర నిండిపోయింది. "ఇంట్లో కళ్ళజోడున్నది నాకొక్కడికి, ఈ డబ్బాలన్నీ ఎవరికే" అని మొగుడు నవ్వుతాడు. ఇవాళ ఆ షాపు షట్టరు దించి ఉంది. పొద్దున అది చూడగానే ఒంట్లో లెక్క మొదలైంది, ఎన్ని గుక్కలు తాగొచ్చు, ఎప్పటిదాకా ఆగొచ్చు, అన్నం దగ్గర గొంతు తడుపుకొని సీసా మూత బిగించేసింది. ఆ సీసా కీబోర్డు పక్కన దాదాపు నిండుగానే ఉంది.

ఆ లెక్క అమ్మది. అమ్మకు ఒకప్పుడు పాత మార్కెట్లో బొత్తాల కొట్టుండేది, బొత్తాలు, దారాలు, హుక్కులు, జిప్పులు, బడి వదలగానే ఆమె తిన్నగా కొట్టుకే వచ్చి బొత్తాలను రంగు రంగుకూ విడదీసి గాజు సీసాల్లో పోస్తూ కూర్చునేది, దేని వరసలో దాన్ని పెట్టే బుద్ధి ఆమెకు అక్కడే అబ్బింది. ఆ మార్కెట్లో మగవాళ్ళకు వెనకగోడ ఉండేది. ఆడవాళ్ళకు సాయంత్రం ఉండేది. నాలుక పిడచకట్టినా అమ్మ "ఇంటికెళ్ళాక తాగుదాంలే" అనేది, తనకు తను చెప్పుకునేది, పక్కన చీపుళ్ళమ్మే ఆవిడకు చెప్పేది, కూతురికీ చెప్పేది, సాయంత్రం ఇల్లు చేరి చెప్పులైనా విప్పకుండా ముందు దొడ్లోకి పరుగు, ఆ తర్వాత వంటింట్లో నిలబడి గ్లాసు మీద గ్లాసు, గొంతు ఎక్కుతూ దిగుతూ కనబడేది, ఆమే, తమ్ముడూ పక్కన నిలబడి నవ్వేవాళ్ళు, అమ్మ కూడా మూతి తుడుచుకుంటూ నవ్వేది. ఎందుకు నవ్వామో. తర్వాత్తర్వాత నడుం పట్టుకొని చతికిలబడటాలు, చలిజ్వరాలు, మంట, "వేడి చేసిందిలే" అని సర్దిచెప్పుకోవడాలు, చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, నీళ్ళు తాగకుండా, వచ్చినప్పుడు వెళ్ళకుండా ఏళ్ళ తరబడి బిగబట్టుకుంటే ఇన్‌ఫెక్షన్ మీద ఇన్‌ఫెక్షన్ వచ్చి కిడ్నీలు ఇలా అయ్యాయని కేకలేసింది. "నీళ్ళు బాగా తాగాలని ఎవరూ చెప్పలేదా మీకు" అంది. "చెప్పారమ్మా. తాగింది ఎక్కడ పొయ్యాలో చెప్పలేదు" అంది అమ్మ. డాక్టరమ్మ రాస్తున్నదల్లా ఆగి కిటికీలోంచి బయటికి చూసింది. ఆ ఏడు తిరక్కుండానే అమ్మ పోయింది, పలకరించడానికి వచ్చినవాళ్ళంతా తలరాత అన్నారు. తలరాతట. ఆమె చచ్చినా ఒప్పుకోదు. అమ్మను చంపింది ఆ మార్కెట్లో లేని ఒక చిన్న గది, అది లేకపోవడం ఏ దేవుడి పనీ కాదు, ఎవరో తీసెయ్యమని ఉంటారు, ఇంకెవరో తలూపి, కాగితం తీసేసి, వరస సర్దేసి, టీ తాగడానికి లేచి వెళ్ళుంటారు.

మౌస్ పన్నెండో షీటు మీదికి పోయింది. పేరు నీలంగా వెలిగింది. మెనూలో తీసెయ్యమనే మాట నొక్కితే సాఫ్ట్‌వేర్ ఒకసారి ఆగి అడుగుతుంది, నిజంగానే తీసెయ్యమంటారా అని, ఆ పాటి మర్యాద దానికుంది, సార్‌కు మాత్రం రెండోసారి అడగాలని తోచలేదు. నొక్కింది, అది అడిగింది. ఆమె వద్దని నొక్కింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అడిగింది, మళ్ళీ వద్దంది. తీసేస్తే ఏమవుతుందో ఆమెకు తెలియదా ఏమిటి, కిందున్నవన్నీ తలా ఒక మెట్టు పైకి జరుగుతాయి, చెత్తకుండీల గది పన్నెండవుతుంది. ప్లాన్ల మీద అక్కడక్కడా చిన్న గుండ్రాలుంటాయి, ఈ మూల సంగతి ఫలానా షీట్లో చూసుకోండి అని చెప్పే గుండ్రాలు, సాఫ్ట్‌వేర్‌లో పద్ధతిగా కట్టిన గుండ్రాలైతే వరస మారగానే లోపలి నంబరు కూడా దానంతటదే మారుతుంది, తొందరలో చేత్తో రాసి పడేసినవి మాత్రం పాత నంబరుతోనే ఉండిపోతాయి, ఎన్నిసార్లు వెతికినా ఏదో ఒకటి కళ్ళుగప్పి మిగిలిపోతుంది. బస్టాండు పనిలో అలాగే మిగిలింది. అక్కడా ఆఖర్న ఆడవాళ్ళదే తీసేశారు, ఆ నంబరు చెత్తకుండీకి వెళ్ళింది, ఒక గుండ్రం మాత్రం ఆ మూలనే ఉండిపోయింది. సైటు మీంచి మేస్త్రీ ఫోన్ చేశాడు. "అమ్మా, ఇక్కడ ఆడవాళ్ళదని రాసుంది, ఆ నంబరు కాగితం తీస్తే చెత్తకుండీ ఉంది. ఏది కట్టమంటారు?" ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మేస్త్రీ చెత్తకుండీ కట్టాడు, ఆ మధ్య బస్సు కోసం వెళ్ళినప్పుడు చూసింది, బాగానే కట్టాడు, నున్నగా, తలుపుతో సహా.

పొత్తికడుపు బరువెక్కి కుర్చీలో ఎటు కూర్చున్నా తిన్నగా లేదు. కాలు మీద కాలేసుకుంది, తీసింది, లేచి ప్లాన్లు అచ్చువేసే ప్లాటర్ దాకా నడిచి కాగితం చుట్ట సరిచూసినట్టు నటించింది, ఎవరి కోసం నటన, గదిలో ఎవరున్నారు గనక, మిగతావాళ్ళంతా సైటుకెళ్ళారు. మొగుడైతే ఈ పాటికి ఏ గోడ దగ్గరో ఆగి పని కానిచ్చుకొని పాట పాడుకుంటూ వచ్చుండేవాడు. ఆయనకు ఊరంతా గోడలే. స్కూటరు మీద వెళ్తూ వెళ్తూ "ఒక్క నిమిషం" అంటాడు, ఆమె హ్యాండిలు పట్టుకొని అటు తిరిగి నిలబడుతుంది, వచ్చాక "హమ్మయ్య" అంటాడు, ఆ హమ్మయ్య వింటే ఒక్కోసారి స్కూటరు ఆయన మీదే పడేసి నడిచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. మంచివాడే, ఏం చేస్తాడు, ఆ హమ్మయ్య ఎంత ఖరీదైందో ఆయనకు తెలీదు. ఈ మార్కెట్ స్థలం కొలతలు చూడ్డానికి వెళ్ళిన రోజున ఆమెకూ ఆగలేదు. ప్రహరీగోడ పని అప్పటికే మొదలైంది, చుట్టూ మట్టి తవ్వుతున్న మగవాళ్ళు, లారీలు. ఇటుకలు మోస్తున్న ఒకావిడ ఆమె ముఖం చూసి ఏమీ అడక్కుండానే చెయ్యి పట్టుకొని సిమెంటు బస్తాల చాటుకు తీసుకెళ్ళి, తన పైబట్ట రెండు చేతులా చాచి పట్టుకొని అడ్డం నిలబడింది. ఆ బట్ట అవతలి నుంచి మాట్లాడుతూనే ఉంది. "బొమ్మలు గీసే అమ్మవు నువ్వేనంటగా. ఎప్పుడూ మేడలూ మెట్లూనేనా, ముందు మాకిదొకటి గియ్యరాదూ, ఆ తర్వాత గీసుకుందువుగాని మీ మేడలు." ఆమెకు నవ్వొచ్చింది, సిగ్గేసింది, సిగ్గెందుకో ఇప్పటికీ తెలియదు. అటుపైన సిగ్గు పోయి కోపం మిగిలింది, ఆ కోపం ఇదిగో ఇక్కడే ఉంది, పొత్తికడుపు పక్కనే.

సార్ చెడ్డవాడైతే ఇంత బాధ ఉండేది కాదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు పనికి రాకపోయినా పల్లెత్తు మాటనలేదు. ఈ పన్నెండో షీటు అసలు ఆయన సొంత ఆలోచనే, ఒక మధ్యాహ్నం పెన్సిలు తీసుకొని ఆమె పక్కన కూర్చొని గీశాడు, గాలి ఆడేలా ఎత్తున కిటికీలు, చేతిసంచీ తగిలించుకోవడానికి ప్రతి తలుపు వెనకా కొక్కెం, చంటిపిల్లను పడుకోబెట్టడానికి ఒక అరుగు. "ఎలా ఉందమ్మా" అన్నాడు, చిన్నపిల్లాడి ముఖం పెట్టుకొని. ఆ అరుగు ఎత్తు ఎంతుండాలని ఇద్దరూ ఒక పూట వాదించుకున్నారు, వాదనలో ఆమె నెగ్గింది. ఆ మనిషే ఇవాళ అధ్యక్షుడి ఫోనొచ్చేసరికి నీరుగారిపోయాడు, ఆమె "సార్, మరి ఆడవాళ్ళు" అంటే "వచ్చే ప్రాజెక్టులో పెడదాంలే" అన్నాడు. ఇంటికెళ్ళాక తాగుదాంలే. వచ్చే ప్రాజెక్టులో పెడదాంలే. రెండూ ఒకే గొంతు, ఒకే ఓదార్పు, ఇంకెన్నాళ్ళు వింటుంది. భయం లేదా అంటే ఉంది. ఈ ఆఫీసు పోతే ఈ వయసులో పిలిచి కుర్చీ వేసేవాళ్ళు లేరు, కూతురి చదువు సగంలో ఉంది, కోపంలో చేసిన పని రేపు పొద్దున ఎలా కనబడుతుందో. కనబడనీ. భయపడి భయపడి ఆమె ఇప్పటిదాకా ఏం దాచుకుంది, ఒక అరనిండా కళ్ళజోడు డబ్బాలు తప్ప.

పోనీ తీసెయ్యకుండా పన్నెండులోనే ఉంచేస్తే. ఉంచితే ఏముంది, సార్ చూసుకోడు, అధ్యక్షుడు చూడడు, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఎన్ని మీటింగుల్లో టీ కప్పులు అందిస్తూ చూసిందో. మొదటి కాగితం మీద రంగులేసిన ముఖద్వారం, రెండోదాని మీద స్థలం ప్లాన్, అంతవరకే అందరి కళ్ళూ, "బ్రహ్మాండంగా ఉంది" అనేస్తారు, అక్కణ్ణుంచి వేళ్ళు కాగితాలను గబగబా తిరగేస్తాయి, మాటలు ఎటో వెళ్ళిపోతాయి, పన్నెండో షీటు దాకా వచ్చేసరికి అందరూ చెప్పులు వెతుక్కుంటుంటారు. వెనక ఉన్నది ఉన్నా లేనట్టే, అందుకే ఎప్పుడు ఏది తగ్గించాలన్నా చెయ్యి వెనక్కే పోతుంది. వరస అనేది ఎవరు పెట్టారు. ముఖద్వారం ముందూ మరుగుదొడ్డి వెనకా అని ఏ శాసనంలో రాసుంది. ఆమె పన్నెండో షీటును మౌస్‌తో గట్టిగా పట్టుకుంది, ఈసారి తీసెయ్యడానికి కాదు, పైకి లాగింది. మగవాళ్ళది దాటించింది. తలుపులూ కిటికీలూ దాటించింది, మెట్లు దాటించింది, పైకప్పు, నిలువుకోత బొమ్మలు, స్థలం ప్లాన్, అడ్డం వచ్చినవన్నీ తలొంచి కిందికి దిగాయి, రంగుల ముఖద్వారం కూడా జరిగింది, అట్ట కిందికి చేరి పన్నెండో షీటు ఒకటో షీటై ఆగింది. నంబర్లన్నీ మార్చమని చెప్పింది. తెర ఒక్క క్షణం తెల్లబోయి మళ్ళీ తేరుకుంది. ఆ పైన ఆ రెండు కొట్ల గీతలున్న పొరను కనబడకుండా ఆపేసి, పాత గీతల పొరను వెలిగించింది, మూలన ఎత్తు కిటికీలూ కొక్కేలూ అరుగూ మళ్ళీ వచ్చి కూర్చున్నాయి, అన్ని ప్లాన్ల మీదా ఆ మూల గుండ్రంలో ఒకటి అని పడింది. చేత్తో రాసి పడేసిన గుండ్రాలేమైనా ఉన్నాయేమోనని ఒక్కో షీటూ తెరిచి వెతికింది, ఒకటి దొరికింది, దాన్నీ దిద్దింది, ఈసారి మేస్త్రీ ఫోన్ చెయ్యనక్కర్లేదు.

ప్రింటు ఇచ్చింది. ప్లాటర్ గొంతు సవరించుకొని అటూ ఇటూ పరుగులు మొదలుపెట్టింది, గీతలు తడితడిగా బయటికొస్తున్నాయి, ఇంకా ఆపొచ్చు, మీట నొక్కితే చాలు, ఆమె ఆ మీటకేసి చూసి చేతులు వెనక్కి కట్టుకొని నిలబడింది. కాగితాలు కత్తిరించి, అంచులు కలిపి, ఎడమవైపు కుట్టింది. ఒక్కో కుట్టుకూ పొత్తికడుపు పొడుస్తోంది. కాని అది మరీ పాత నొప్పిలా లేదు, ఇవాళ దానికొక మొండితనం తోడైంది. అప్పుడే కిందనుంచి చెప్పుల చప్పుడు, సార్ గొంతు, దాని వెనక అధ్యక్షుడి దగ్గు, ఆఖర్న ఇంకెవరో మోకాళ్ళు పట్టుకొని ఒక్కో మెట్టే ఎక్కుతున్న ఆయాసం. ఆ ఆయాసం పళ్ళకొట్టు ఆవిడది, కొట్లవాళ్ళ తరఫున కమిటీలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి, పిలవకపోతే బాగుండదని పిలిచే మనిషి. సార్ తాళం తీశాడు, అందరూ లోపలికి వెళ్ళి కూర్చున్నారు.

"సెట్టు తీసుకురామ్మా" అని పిలుపు. తెచ్చి టేబుల్ మీద పెట్టింది. ఇలాంటప్పుడు మామూలుగా అయితే వెనక్కి వచ్చేసి, తలుపు దగ్గరికేసి, వాళ్ళు లేచి వెళ్ళేదాకా తన కుర్చీలో బిగుసుకొని కూర్చుంటుంది. ఇవాళ వెనక్కి రాలేదు. బాత్రూమ్ తలుపుకూ ఆమెకూ మధ్య అధ్యక్షుడి కుర్చీ ఉంది. "కొంచెం జరగండి, లోపలికి వెళ్ళాలి" అంది. ఆయన అర్థం కానట్టు చూశాడు, అర్థమయ్యాక గబుక్కున లేచి కుర్చీ జరిపాడు. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. తలుపు పలచన, అవతల కాగితం తిరగేసినా వినబడుతుంది, అంటే ఇవతలి చప్పుడూ అవతలికి వినబడుతుంది, అందుకని ఈ గదిలోకి అడుగు పెట్టిన మొదటి రోజు నుంచీ ఆమె ముందు కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున పని కానిచ్చుకునేది. చెయ్యి అలవాటుగా కుళాయి మీదికి వెళ్ళింది. ఆమె దాన్ని వెనక్కి తీసుకుంది. కుళాయి తిప్పలేదు. వినబడితే వినబడనీ.

అవతల అట్ట తిప్పిన చప్పుడైంది.

"ఇదుందే" అంది పళ్ళకొట్టు ఆవిడ గొంతు. "తీసేశారని బండిలో చెప్పారుగా మీరు."

"అదీ, షీట్ల వరస కాస్త అటూ ఇటూ అయినట్టుందండి" అన్నాడు సార్. "మా ఆఫీసులో పొరపాటున..."

"పొరపాటు కాదు సార్." లోపలి నుంచే అంది ఆమె. నున్నటి పలకల గోడలకు తగిలి ఆమె గొంతు ఆమెకే కొత్తగా, పెద్దగా వినబడింది, తగ్గించలేదు. "నేనే ముందు పెట్టాను. మార్కెట్లో ముందు కట్టాల్సింది అదే. వద్దనుకుంటే ఆవిడ ఎదురుగా మీరే తీసెయ్యండి, నేను తియ్యను."

అధ్యక్షుడు దగ్గాడు. కుర్చీ కాళ్ళు నేల మీద గీరుకున్నాయి, పళ్ళకొట్టు ఆవిడ లేస్తున్నట్టుంది, ఆవిడ మోకాళ్ళ మూలుగు కూడా తలుపు దాటి వచ్చింది.

"ఆ అమ్మాయి వచ్చాక నేనూ ఒకసారి లోపలికి వెళ్ళొస్తాను" అంది ఆవిడ. "పొద్దుట్నుంచీ ఆగి ఉన్నాను. ఆ తర్వాత మాట్లాడదాం, అందాకా ఆ కాగితం మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి."

అవతల అధ్యక్షుడు మళ్ళీ కుర్చీ జరుపుకుంటున్నాడు. లోపల ఆమె తొందరపడలేదు.